సవరణ: స్థిరమైనదంతా నెమ్మది కాదు
సమన్వయ సమ్మేళనాల (లోహ అయాన్ చుట్టూ అణువులో, అయాన్లో అతుక్కుని ఉండేవి) మీద మొన్నటి పోస్టులో, స్థిరత్వం ఎక్కువైతే లిగాండ్లు (అలా అతుక్కున్నవి) అంత నెమ్మదిగా ఒకటి పోయి ఇంకొకటి చేరతాయని రాశాను. తప్పు. ఒడిశాలోని పర్లాకిమిడిలో నా దగ్గర ట్యూషన్‌కి వచ్చే డిగ్రీ అమ్మాయి పట్టుకుంది: "మాస్టారూ, మరి నికెల్ సయనైడ్ సంగతేంటి?" (ఇక్కడి పిల్లలకు క్లాసు ఒడియాలో, పుస్తకం ఇంగ్లీషులో, సందేహం మాత్రం తెలుగులో.)

ఆ అమ్మాయి అడిగింది టెట్రాసయనోనికెలేట్ గురించి, అంటే నికెల్ చుట్టూ నాలుగు సయనైడ్లు. దాని స్థిరత్వ స్థిరాంకం (ఎంత ఎక్కువైతే సమ్మేళనం అంత స్థిరం) సుమారు 10 ఘాతం 30. అయినా రేడియోధార్మిక కార్బన్ ఉన్న సయనైడ్ కలిపితే, అది నిమిషాల్లోనే పాతదాని చోటులో చేరిపోతుంది. హెక్సామ్మిన్ కోబాల్ట్ 3 అయాన్ (కోబాల్ట్ చుట్టూ ఆరు అమ్మోనియాలు) దీనికి తలకిందులు. ఆమ్లంలో విడిపోవాలని ఉష్ణగతిక శాస్త్రం (శక్తి లెక్కలు చూసే శాస్త్రం) లెక్క; అదేమో రోజుల తరబడి కదలదు. మొదటిది స్థిరం, కానీ చురుకు (లిగాండ్లు త్వరగా మారతాయి). రెండోది అస్థిరం, కానీ జడం (నెమ్మదిగా మారతాయి). నేను స్థిరత్వాన్నీ, వేగాన్నీ ఒకే గాటన కట్టేశాను.

ఇంకొకటి. నికెల్‌తో ఆరు అమ్మోనియాలకు స్థిరత్వ స్థిరాంకం లాగ్ విలువ (10 మీద ఘాతం) 8.6, మూడు ఇథిలీన్‌డైఅమీన్లకు (ఒక్కోటీ రెండు నైట్రోజన్లతో పట్టుకుంటుంది) 18.3. ఈ తేడా అంతా బంధబలమే అని ఆ పోస్టులోనే అన్నాను. రెండింటిలోనూ ఉన్నవి నికెల్-నైట్రోజన్ బంధాలే కదా! పెద్ద వాటా ఎంట్రోపీది (చెల్లాచెదురుతనం కొలత): మూడు ఇథిలీన్‌డైఅమీన్ అణువులు లోపలికెళ్తే ఆరు అమ్మోనియాలు బయటికొస్తాయి.

ఇర్వింగ్-విలియమ్స్ క్రమం (మాంగనీస్ నుంచి జింక్ దాకా లోహాల సమ్మేళనాల స్థిరత్వం ఎలా మారుతుందో చెప్పేది) గురించి రాసింది సరైనదే. స్థిరత్వం రాగి దాకా పెరిగి, జింక్ దగ్గర తగ్గుతుంది.