సవరణ: బీపీ మాత్రలు ఆపకండి

మొన్నటి నా పోస్టులో పెద్ద తప్పు దొర్లింది. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు కణాల మీద ఏస్‌2 గ్రాహకాలను (వైరస్ అతుక్కునే ప్రోటీన్లను) పెంచి కరోనాకు తలుపులు తీస్తాయని రాశాను. అది నమ్మి పాలకొండలో మా పెద్దమ్మ నాలుగు రోజులు మాత్ర మానేసింది. నిన్న చూపిస్తే పై బీపీ 180. చీటీ మీద ఆ అంకె చూసి నా గుండె గుభేల్‌మంది.

వైరస్ తన పైనున్న ముళ్లలాంటి స్పైక్ ప్రోటీన్‌తో ఏస్‌2ను పట్టుకుని కణంలోకి దూరుతుంది, అది నిజమే. మాత్రతో ముప్పు పెరుగుతుందన్నది మాత్రం జంతు ప్రయోగాల నుంచి పుట్టిన అనుమానం. బ్రెజిల్‌లో ఆసుపత్రిలో చేరిన 659 మంది కరోనా రోగుల్లో కొందరికి ఈ రకం మందులు ఆపి, కొందరికి కొనసాగించి చూశారు. 2021లో ఫలితాలొచ్చాయి: ఆపితే ఒరిగిందేమీ లేదు.

నా మాట విని మానేసినవాళ్లు ఈరోజే మీ డాక్టరుకు ఫోన్ చేయండి. పెద్దమ్మా, నన్ను క్షమించు.