విట్రూవియస్ పేరు చెప్పి స్లాబులో సముద్రపు నీళ్లు పోయించకండి

"2000 ఏళ్లయినా చెక్కుచెదరని కాంక్రీటు! రోమన్ శిల్పి విట్రూవియస్ ఫార్ములా, సిమెంటు కంపెనీలు దాచిన నిజం" అనే మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. పంపేవాళ్లలో చదువుకున్నవాళ్లే ఎక్కువ. ఇల్లు కట్టుకునేవాళ్ల గ్రూపుల్లోకి కూడా చేరింది కాబట్టి ఒక్కో మాటా తీసుకుని చెప్పక తప్పడం లేదు.

కొలోసియం, పాంథియన్ ఆయనే కట్టాడట. విట్రూవియస్ తన పది భాగాల కట్టడాల గ్రంథం 'డి ఆర్కిటెక్చురా'ను రోమన్ చక్రవర్తి అగస్టస్‌కు అంకితమిచ్చాడు. వయసు తన ముఖాన్ని పాడుచేసిందని, జబ్బులు ఒంట్లో బలం లాగేశాయని అందులో రెండో భాగం ముందుమాటలో తానే రాసుకున్నాడు. కొలోసియం తెరిచింది క్రీ.శ. 80లో, అగస్టస్ పోయిన 66 ఏళ్లకు. ఇప్పుడున్న పాంథియన్ హేడ్రియన్ చక్రవర్తి కట్టించింది, ఇంకో 40 ఏళ్ల తర్వాతిది. విట్రూవియస్ సైన్యంలో రాళ్లు, బాణాలు విసిరే యంత్రాలు చూసుకునేవాడు. తన పనిగా గ్రంథంలో వర్ణించిన భవనం ఇటలీలోని ఫానో ఊళ్లోని బసిలికా, అంటే సభామందిరం. నడిమి హాలు 120 రోమన్ అడుగుల పొడవు, 60 వెడల్పు. అది ఇవాళ నిలిచి లేదు.

మన వాస్తుశాస్త్రం చదివి రాశాడట. ఏడో భాగం ముందుమాటలో ముందటి రచయితల జాబితా ఇచ్చాడు. ఇక్టినస్, హెర్మోజెనీస్ లాంటి గ్రీకులు, చివర్లో ముగ్గురు రోమన్లు. మీరు చెప్పే వాస్తు గ్రంథం 'మయమతం' ఆయన తర్వాత ఎన్నో వందల ఏళ్లకు వచ్చింది. వృత్తంలో చేతులు చాపిన మనిషి బొమ్మ కూడా ఆయనదేనట. అది 1490 ప్రాంతంలో లియొనార్డో గీసింది. మనిషి కొలతల్లో 1.618 అనే 'బంగారు నిష్పత్తి' కూడా ఆయనే పెట్టాడట. ఆయన రాసింది వేరు: ముఖం ఒంటి పొడవులో పదోవంతు, పాదం ఆరోవంతు, మోచేతి నుంచి వేలి కొన వరకు నాలుగోవంతు. మూడో భాగంలో ఉన్నవి ఇలాంటి భిన్నాలే.

అసలు ప్రమాదం ఐదో పాయింటు. "1 పాలు సున్నం, 3 పాళ్లు థర్మల్ ప్లాంటు బూడిద, సముద్రపు ఇసుక, సముద్రపు నీళ్లు కలిపి స్లాబు వేయండి. సిమెంటు అక్కర్లేదు. ఎప్పటికీ పగలదు." ఈ మిశ్రమం ఆయన చెప్పింది కాదు.

ఆయన రాసింది ఇదీ. గోడల గచ్చుకు తవ్వి తీసిన ఇసుకైతే 3 పాళ్లకు 1 పాలు సున్నం. ఏటి ఇసుకో సముద్రపు ఇసుకో అయితే 2కు 1. దానిలో మూడోవంతు కాల్చిన పెంకుల పొడి కలిపితే ఇంకా మేలన్నాడు. రేవుల్లో నీటి అడుగున కట్టడానికి మాత్రం అగ్నిపర్వత బూడిద 2 పాళ్లు, సున్నం 1. ఆ బూడిద కూడా ఎక్కడిదైనా చాలదు, ఇటలీలోని బాయీ ఊరు, వెసూవియస్ అగ్నిపర్వతం చుట్టుపక్కలదే కావాలి. సముద్రపు ఇసుక గురించి ఆయన మాట వినండి: ఆలస్యంగా ఆరుతుంది, గోడ ఆపి ఆపి లేపాలి, కమానుల బరువు మోయదు, పూతలోంచి ఉప్పు తేలి పూత ఊడిపోతుంది. ఎవరి పేరు చెప్పుకుని బీచి ఇసుక కలపమంటున్నారో ఆయనే దాని లోపాలన్నీ రాసిపెట్టాడు!

రోమన్ల కాంక్రీటులో ఇనుప చువ్వలు లేవు. అందుకే అన్నీ కమానులు, గుమ్మటాలు, లావు గోడలు. పాంథియన్ గుమ్మటం అడుగున మందం దాదాపు 6 మీటర్లు, పైన రంధ్రం దగ్గర 1.2. అంత మందం ఉన్నా కింది నుంచి పైకి నిలువు పగుళ్లున్నాయి. మీ స్లాబు మందం 5 అంగుళాలు. బరువు పడగానే నడుమ వంగుతుంది, అడుగు భాగం సాగుతుంది. ఆ సాగుడును మోసేది చువ్వ. చువ్వ లేకుండా పోస్తే సెంట్రింగ్ తీసిన రోజే కింద ఎవరున్నారన్నదే ప్రశ్న. చువ్వలు పెట్టి సముద్రపు నీళ్లు పోస్తే కొంచెం ఆలస్యంగా అదే జరుగుతుంది. ఆర్‌సీసీలో, అంటే చువ్వలు పెట్టిన కాంక్రీటులో, వాడే నీటిలో క్లోరైడు (ఉప్పులో ఉండేది) లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. సముద్రపు నీటిలో దాదాపు 19,000 ఉంటుంది. క్లోరైడు చువ్వ మీది రక్షణ పొరను చీలుస్తుంది. తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు తీసుకుని కాంక్రీటును లోపలి నుంచి పెళ్లలుగా నెట్టేస్తుంది. మీ మనవడు పడుకునే గది పైకప్పు మీద ఈ ప్రయోగం చేస్తారా?

థర్మల్ బూడిదను కంపెనీలు దాచిందేమీ లేదు. మీరు కొనే పీపీసీ రకం సిమెంటు బస్తాలోనే అది 15 నుంచి 35 శాతం వరకు ఉంటుంది. బస్తా మీద రాసే ఉంటుంది, చదవండి.

రెండు విషయాల్లో మాత్రం మెసేజ్ మాట సబబే. పగులులోకి నీళ్లు దిగితే కొన్ని రోమన్ కాంక్రీట్లు తమంతట తామే పూడుకుంటాయన్నది నిజం. లోపల మిగిలిన తెల్ల సున్నపు కణికలు నీటిలో కరిగి, పగులులో మళ్లీ గడ్డకడతాయి. 2023లో వచ్చిన అధ్యయనం ఈ కణికలు కాల్చిన సున్నాన్ని నానబెట్టకుండా వేడిగా కలపడం వల్ల వచ్చాయంది. విట్రూవియస్ మాత్రం నానిన సున్నమే వాడమన్నాడు. అంటే ఆ గుణం వచ్చింది ఆయన ఫార్ములా వల్ల కాదు. సీసపు గొట్టాల నీళ్లు ఒంటికి మంచివి కావని ఆయన హెచ్చరించాడన్నది కూడా నిజమే. మట్టి గొట్టాలే మేలన్నాడు.

ఆయన నుంచి నిజంగా నేర్చుకోవాలంటే పాత సున్నపు గోడలు బాగుచేసే మేస్త్రీలకు పనికొచ్చేవి ఉన్నాయి. ఇసుకను పిడికిట్లో నలిపితే గరగరలాడాలి. తెల్లగుడ్డ మీద పోసి దులిపితే మరక ఉండకూడదు. నానిన సున్నాన్ని పారతో కొట్టి చూడండి. గడ్డలు తగిలితే ఇంకా నానలేదు. పార పొడిగా బయటికొస్తే సత్తువ లేదు. బంకలా అంటుకుంటేనే పూతకు సిద్ధం.

మెసేజ్ పంపినవాళ్లు అదే గ్రూపులో సముద్రపు నీళ్ల మాట తప్పని ఇవాళే రాయండి. ఈ నెలలో స్లాబు వేసుకునేవాళ్లు అక్కడ ఉంటారు.