డచ్ చిత్రాల్లో చూపు, కూర్పు

పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారులు కంటికి కనిపించినదాన్ని ఉన్నదున్నట్టు కాన్వాసు మీదికి దించారనీ, వారి వాస్తవికత ఫోటోగ్రఫీకి పూర్వరూపమనీ డచ్ చిత్రకళ మీది ఒక వ్యాసంలో దాని రచయిత రాశారు. ఆ చిత్రాలను ఎంతగానో ప్రేమించే పాఠకుడిగా ఈ అభిప్రాయంతో నేను ఏకీభవించలేకపోతున్నాను.

నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఉన్న మారిట్స్‌హౌస్ మ్యూజియంలో బోస్‌హార్ట్ సుమారు 1618లో వేసిన పూలకుండీ చిత్రం ఉంది. అందులోని ప్రతి రేకూ నిజమైనదే అనిపిస్తుంది కానీ, వేర్వేరు ఋతువుల్లో పూసే ఆ పూలు ఒకే రోజున ఒకే కుండీలో చేరడం ఆ కాలంలో అసాధ్యం. రూయిస్‌డాల్ కూడా జర్మనీలో చిన్న గుట్ట మీద ఉన్న బెంట్‌హైమ్ కోటను 1653 నాటి చిత్రంలో ఎత్తైన కొండ మీద నిలబెట్టాడు.

నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసేది వెర్మీర్ చిత్రించిన పాలు వంచే స్త్రీ. ఆమె వెనుక ఉన్న ఖాళీ గోడ ఆయన చూసి దించినదని చాలాకాలం నేనూ నమ్మాను. అయితే ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం పరిశోధకులు పైరంగుల అడుగున ఏముందో పరిశీలించి, ఆమె తల వెనుక కూజాలు తగిలించే చట్రాన్నీ, కింద కుడివైపున నిప్పుల బుట్టనూ (లోపల నిప్పులుంచి బట్టలు ఆరబెట్టే అల్లిక బుట్ట) వెర్మీర్ మొదట గీసి, ఆ తరువాత తానే కప్పివేశాడని 2022లో ప్రకటించారు. అంత పెద్ద వస్తువులను తొలగించిన చేయే గోడకు దిగిన చిన్న మేకునూ, దాని నీడనూ, మేకులు ఊడిన రంధ్రాలనూ, రొట్టె మీద మెరిసే వెలుగు చుక్కలనూ అపారమైన ఓర్పుతో నిలిపి ఉంచింది.