సవరణ: కేలబ్ విలియమ్స్‌ను తెచ్చిన పిక్ మన ఓటముల వల్ల వచ్చింది కాదు

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మన జట్టు షికాగో బేర్స్ గురించి నిన్నటి పోస్టులో, "2023లో అందరికంటే ఎక్కువ ఓడిపోయాం కాబట్టే 2024 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ మనకు దక్కింది" అని రాశాను. అది తప్పు. డ్రాఫ్ట్ అంటే కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకోవడం. ఆ వంతే పిక్, అట్టడుగు జట్టుకు మొదటి వంతు. 2023 సీజన్లో మనవాళ్లు 7 గెలిచి 10 ఓడారు. అట్టడుగున నిలిచింది 2-15తో కరోలినా పాంథర్స్. వాళ్ల 2024 పిక్ 2023 మార్చి ట్రేడ్‌లోనే (జట్ల మధ్య మార్పిడి) మన చేతికి వచ్చేసింది. దాంతోనే క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) కేలబ్‌ను తీసుకున్నాం.

ఆ ట్రేడ్‌లో బేర్స్ ఇచ్చింది 2023 నంబర్ వన్ పిక్. దానికి బదులుగా రిసీవర్ (పాస్‌లు పట్టే ఆటగాడు) డీజే మూర్, ఆ ఏడాది 9వ, 61వ పిక్‌లు, 2024 మొదటి రౌండ్ పిక్, 2025 రెండో రౌండ్ పిక్ వచ్చాయి. ఆ నంబర్ వన్ పిక్‌తో కరోలినా క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్‌ను తీసుకుంది. 2024లో మన సొంత పిక్ 9వది, దాంతో వచ్చినవాడు రిసీవర్ రోమ్ ఒడున్జే. ఇదంతా లీగ్ డ్రాఫ్ట్ రికార్డుల్లో, అప్పటి వార్తల్లో ఉన్నదే.

ఇంకో మాట. "ముందు అఫెన్సివ్ లైన్‌ను (క్వార్టర్‌బ్యాక్‌కు అడ్డుగా నిలిచి కాపాడే వరుస) బాగుచేయాలి" అన్నందుకు, కేలబ్ మీద నాకు నమ్మకం లేదని కొందరు అనుకున్నారు. నేనన్నది అది కాదు. 2024లో తొలి సీజన్లోనే 68 సార్లు శాక్ అయ్యాడు, అంటే బంతి విసిరేలోపే ప్రత్యర్థులు పడగొట్టేశారు. పాస్ పట్టేవాడు ఖాళీ అయ్యేలోపే డిఫెండర్లు మీద పడేవారు. అయినా 3,541 గజాలు విసిరి, 6 ఇంటర్‌సెప్షన్లే (ప్రత్యర్థుల చేతికి చిక్కిన పాస్‌లు) ఇచ్చాడు. అలాంటి కుర్రాణ్ణి కాపాడుకోవాలనే లైన్ అడిగాను.