సగటు పౌరుడు క్షేమంగానే ఉన్నాడు

విపత్తు వేళ మన యంత్రాంగం పేదల పట్ల వివక్ష చూపుతుందని కొందరు నోరు పారేసుకుంటున్నారు. శుద్ధ అన్యాయం. ఉన్నవాడికి ఒక సూచన, లేనివాడికి ఒక సూచన ఎప్పుడైనా ఇచ్చారా? కరోనా కాలంలో విశాఖ బీచ్ రోడ్డు అపార్టుమెంట్లకీ, కంచరపాలెం కొండవాలు ఇళ్లకీ ఒకటే మాట: పాజిటివ్ వస్తే విడి గదిలో ఉండండి, వీలైతే అటాచ్డ్ బాత్‌రూమ్ ఉన్న గది చూసుకోండి. చేతులు 20 సెకన్లు కడగండి. "కడగడానికేటి బాబూ, ముందు నీల్లు పైకి మొయ్యాల గదా" అని కొండమీది అమ్మ అడిగితే మార్గదర్శకాల్లో జవాబు లేదు. ఉండకూడదు కూడా. ఒకరికి జవాబిస్తే అందరూ అడుగుతారు.

నిజానికి ఈ ప్రణాళికలన్నీ ఒకే పెద్దమనిషిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. పేరు సగటు పౌరుడు. ఆయనకు కారుంది, ఇంట్లో కుళాయి ఉంది, ఫోనుకి ఓటీపీ టక్కున వస్తుంది. 2021 మే 1న 18–44 ఏళ్లవారికి టీకా తెరిచి, ముందే ఆన్‌లైన్‌లో నమోదు కావాల్సిందే అన్నది ఈయన ముఖం చూసే. ప్రభుత్వ కేంద్రాల్లో అక్కడికక్కడే నమోదుకు మే 24న గానీ వీలివ్వలేదు. ఈలోగా మన్యంలో సిగ్నల్ కోసం గుట్టలెక్కినవాళ్లకు వ్యాయామమైనా దక్కింది.

ఇక విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ పక్కనున్న ఆర్.ఆర్. వెంకటాపురం. 2020 మే 7 తెల్లవారుజామున ఆ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు ఊరిమీద పడింది. సైరన్ నొక్కడానికి ఫ్యాక్టరీలో 36 చోట్లున్నా ఒక్కటీ నొక్కలేదని ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్లు వీధుల్లోనే కుప్పకూలారు. అయినా గమనించండి: ఆ సైరన్ కలవారికీ మోగలేదు, లేనివారికీ మోగలేదు. సమానత్వమంటే ఇదే కదా! ఫ్యాక్టరీ పక్కన ఇల్లు లేకపోవడం సగటు పౌరుడి దూరదృష్టి, అంతే.

ఏ ఇంట్లో గర్భిణి ఉంది, ఏ మంచంమీద లేవలేని ముసలాయన ఉన్నాడు, ఎవరింట్లో ఫోను లేదు అన్నది ఆశా కార్యకర్తకు కంఠతా వచ్చు. ఆమెను ప్రణాళిక సమావేశానికి పిలవమని ఒక అమాయకుడు సలహా ఇస్తున్నాడు. పిలిస్తే ఆమె మాట్లాడుతుంది. మాట్లాడితే పవర్‌పాయింట్ మార్చాలి. సర్వే చేయడానికి ఆమె, నిర్ణయం చేయడానికి మనం అన్న పాత ఒప్పందం బాగానే నడుస్తోంది.

మన్యం దారుల సమస్యకు మాత్రం నా దగ్గర చవకైన పరిష్కారముంది. రోడ్డు లేని గూడేల నుంచి రోగుల్ని, పురిటి నొప్పుల తల్లుల్ని ఎలాగూ డోలీలోనే మోసుకొస్తున్నారు. ఆ కర్రకి 108 స్టిక్కరు అతికించి, జీపీఎస్ కట్టేస్తే సరి. అంబులెన్సుల లెక్క ఒక్క రోజులో పెరుగుతుంది. మోసేవాళ్లకు యూనిఫాం ఇవ్వాలా, ఇస్తే చెప్పులు కూడా అందులో భాగమేనా అన్నది వచ్చే సమీక్షలో చూసుకోవచ్చు.