"ఒక్క ఫొటో" గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ "ఒక్క ఫొటో" గారి సముఖమునకు,

నమస్కారాలు. ఇక్కడ మేమందరం క్షేమం, ఎడమవైపు మూడో కొమ్మ తప్ప. తమరు ఊళ్లోని ఫోన్లన్నిటిలోనూ క్షేమంగా ఉన్నారని వేరే అడగక్కర్లేదు.

నన్ను తమరు గుర్తుపట్టకపోవచ్చు. మొన్న జనవరిలో మన హైదరాబాద్‌లో జరిగిన పూల ప్రదర్శనలో, బోన్సాయ్‌ల (కుండీల్లో చిన్నగా పెంచే చెట్ల) వరసలో, మా నల్ల పైన్ (సూదుల్లాంటి ఆకులుండే చెట్టు) పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న బట్టతల మనిషిని. తమరి లెక్కలో నా పేరు "అంకుల్ జర పక్కకి". ఆ మూడు రోజుల్లో ఆ పేరు ఎంత అలవాటైందంటే, ఇంటికొచ్చాక మా ఆవిడ "ఏవండీ" అంటే పలకలేదట.

ముందు తమరి పేరు సంగతి. "ఒక్క" అనేది తమరి ఇంటిపేరై ఉండాలి. అంకె మాత్రం కాదు. కాలేజీ పిల్లలు కొందరు వచ్చి "ఒక్కటే ఫొటో అంకుల్" అని నిలబడితే నేను కూర్చుని లెక్కపెట్టాను. విడివిడిగా కొన్ని, జంటలుగా కొన్ని, అందరూ కలిసి కొన్ని, కళ్లు మూసుకున్నవాడి కోసం మళ్లీ, ఈసారి వేరేవాడు మూశాడని మళ్లీ. ముప్పై ఒకటి దగ్గర లెక్క తప్పాను. అంతసేపూ ఒక్కరూ చెట్టుని చూడలేదు. ఎలా చూస్తారు, అందరి వీపులూ దాని వైపే ఉన్నాయి.

ఈ వీపుల గురించే తమరితో కాస్త తీరిగ్గా మాట్లాడాలి. బోన్సాయ్‌కి ముందూ వెనకా ఉంటాయండీ. వేళ్లు మట్టిని పట్టుకున్న తీరు ఎటునుంచి బాగుంది, కాండం వంపు ఎటునుంచి తెలుస్తుంది, ఏ కొమ్మా చూసేవాడి కంట్లో పొడిచినట్టు లేనిది ఎటువైపు, ఇవన్నీ చూసుకుని ముందువైపు ఏదో నిర్ణయిస్తాం. మా పైన్‌కి అది తేల్చుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది. మధ్యలో ఒకసారి మనసు మారి, చెట్టుని పక్కకి తిప్పి మళ్లీ నాటాను కూడా. ఆ ముందువైపుకి కొసని కొద్దిగా వంచి పెంచుతాం. చూడవచ్చినవాళ్లకి చెట్టు తల వంచి నమస్కరించినట్టు ఉండాలని జపాన్‌వాళ్లు పెట్టిన పద్ధతి. మా పైన్ మూడు రోజులు నిలబడి నమస్కారం పెట్టింది, వచ్చినవాళ్ల వీపులకి.

ప్రదర్శన ముందురోజు రాత్రి మా ఇంట్లో జరిగిన భాగోతం తమరికి తెలియదు. పట్టకారుతో ముదురు సూదులు ఒక్కొక్కటీ పీకాను. కుండీని పాత పళ్ల బ్రష్‌తో కడిగి, ఆరాక చుక్క కొబ్బరి నూనె రాసి తుడిచాను. పైన్లకి గ్లేజు (మెరుపు పూత) లేని మట్టిరంగు కుండీలు ఆనవాయితీ. నూనె పడితే వాటికి వయసొచ్చిన కళ వస్తుంది. వానాకాలంలో నీళ్ల ట్యాంకు పక్క గోడ మీద గీకి దాచిన నాచుని మట్టి మీద అతికి, పిచికారీ పట్టుకుని దానికి కాపలా కాశాను. జపాన్‌లో అయితే గూట్లో చెట్టు, దాని కింద తగిన పీట, పక్కన చిన్న గడ్డి మొక్క, వెనక ఒక చిత్రపటం, మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీ కూడా చెట్టుతో పాటు చూడాల్సిందే. నాకు టెంట్ హౌస్ బల్ల ఇచ్చారు, కుచ్చుల గులాబీ శాటిన్ గుడ్డతో. చెట్టు సగం ఎత్తు చూసేవాడి కళ్లకి సూటిగా రావాలని బల్ల కింద ఇటుకలు పెట్టాను. వెనక తెల్ల దుప్పటి కట్టాను. గంటలో ఎవరో దాని మీదే స్వాగతం ఫ్లెక్సీ కట్టేశారు. ఫొటోల్లో మా చెట్టు కొస నుంచి ఒక నాయకుడిగారి చెయ్యి లేస్తూ కనిపిస్తే అది నా కళాసృష్టి కాదని మనవి.

తమరి ప్రతాపం ఊరికి కొత్త కాదు. 2020లో దుర్గం చెరువు మీద కేబుల్ బ్రిడ్జి తెరిచిన కొత్తలో నడివంతెన మీద బళ్లు ఆపించి పోలీసులకి పని పెట్టింది తమరే. హుస్సేన్‌సాగర్‌లోని ఏకశిలా బుద్ధుణ్ణి గట్టు మీంచి అరచేతిలో నిలబెట్టుకునేదీ తమరే. అంతటివాణ్ణి అరచేతిలోకి దింపిన తమరు, నిజంగా చిన్నదైన చెట్టు దగ్గరికొచ్చి కొమ్మల సందున మొహం పెట్టి ఘటోత్కచుడైపోతారు. మరి చెట్టు మాటో? "గిది ప్లాస్టిక్‌దా అన్నా?" అని గిల్లి చూస్తారు. "క్రిస్మస్ చెట్టా?" అంటారు. "సరుగుడు కదండీ, మా ఊళ్లో సముద్రం ఒడ్డున బోలెడు" అని ఒక పెద్దాయన తీర్పిచ్చాడు. ఆయన్ని మాత్రం తప్పుపట్టను, చూడబట్టే కదా పోల్చాడు. సరుగుడుకి సూదుల్లా కనబడేవి ఆకులు కావనీ, కణుపులున్న సన్నటి రెమ్మలనీ, నల్ల పైన్‌కి సూదులు జంటలుగా వస్తాయనీ చెప్పాను. ఆయన వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, జంటలు లెక్కపెట్టాడు. మూడు రోజుల మొత్తంలో నాకు మిగిలిన ఆనందం ఆయనే.

ఫ్లాష్ గురించి అబద్ధమాడను. దానివల్ల చెట్టుకి ప్రాణం పోదు, మన ఎండకి బతికిన జీవి అది. నష్టం తమరి ఫొటోకే. నల్ల పైన్ అందమంతా పగుళ్లు బారిన బెరడులో ఉంటుంది. ఆ పగుళ్లలో నీడ ఉంటేనే అది బెరడు. ఫ్లాష్ పడితే సున్నం కొట్టిన స్తంభం. కుండీ మీద నూనె మెరిసి తెల్లమచ్చ పడుతుంది. పక్కన నిలబడి చూస్తున్నవాడి కళ్లు జిగేల్మంటాయి. ఇక ఫోన్‌ని చెట్టుకి ఆనించి తీస్తే దగ్గరున్న కొమ్మ ఏనుగు తొండంలా, కొస పిలకలా వస్తుంది. పై నుంచి తీస్తే నమస్కారం పెట్టిన తల బోర్లాపడ్డట్టు ఉంటుంది. వెనక్కి జరిగి, మోకాళ్లు వంచి, కాండం మధ్యకి కన్ను తెచ్చి, రెండింతల జూమ్‌తో తీయండి. మావాళ్లు వీటిని వామన వృక్షాలంటారు. ఆ వామనుడు అడిగిందీ మూడడుగులే, నేను అడుగుతున్నదీ మూడడుగులే, కాకపోతే వెనక్కి. పేరు చీటీని మాత్రం అందంగా లేదని పక్కకి తీసిపెట్టకండి. పెంచినవాడి పేరు దాని మీదే ఉంటుంది.

టోక్యోలో 1934లో మొదలైన కొకుఫు ప్రదర్శన అని ఒకటుంది, ఇప్పుడు ఫిబ్రవరిలో జరుగుతుంది. అక్కడి చెట్లన్నిటినీ పద్ధతిగా ఫొటోలు తీసి ఏటా పుస్తకం వేస్తారు. అందులో చెట్టే ఉంటుంది, ఎవరి చెవీ ఉండదు.

ఇంకో పైన్ కథ కూడా తమరు వినాలి. జపాన్ తెల్ల పైన్, 1625 నుంచి కుండీలో పెరుగుతోంది. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు పడినప్పుడు మూడు కిలోమీటర్ల దూరంలో, యమాకి అనే ఆయన నర్సరీలో, గోడ చాటున ఉండి బతికింది. 1976లో ఆయన దాన్ని అమెరికాకి కానుకగా ఇచ్చాడు. అప్పటినుంచి అది వాషింగ్టన్ మ్యూజియంలోనే ఉంది. 2001లో ఆయన మనవలు చూడ్డానికొచ్చి చెప్పేదాకా, అది బాంబుని చూసిన చెట్టని అక్కడివాళ్లకి తెలియనే తెలియదు. అణుబాంబుని తట్టుకున్న ఆ చెట్టు తమరి వీపు సంచీని తట్టుకోగలదో లేదో నేను చెప్పలేను. మాది తట్టుకోలేదు.

మూడో రోజు సాయంత్రం. ఒక కుర్రాడు సెల్ఫీలో ఫ్లెక్సీ కనబడకూడదని సర్దుకుంటూ వెనక్కి, ఇంకాస్త వెనక్కి వచ్చాడు. ల్యాప్‌టాప్ సంచీ పట్టీ ఎడమవైపు మూడో కొమ్మకి తగులుకుంది. అతను గిరుక్కున తిరిగాడు. చప్పుడు పెద్దదేం కాదు, అప్పడం విరిచినంత. పాపం మంచివాడే, ముఖం పాలిపోయింది, "సారీ అంకుల్, ఎంతైతదో చెప్పండి, ఇప్పుడే ఫోన్‌పే చేస్తా" అన్నాడు. నాలుగేళ్లు లోహపు తీగ చుట్టి, అది బెరడులోకి కోసుకుపోకముందే విప్పి, మళ్లీ చుట్టి, నేలచూపుకి దించిన కొమ్మ. ఏటా కొవ్వొత్తుల్లా లేచే చిగుళ్లు తుంచి, రెండోసారి వచ్చే సూదులు చిన్నవయ్యేలా చేసిన కొమ్మ. దానికి క్యూఆర్ కోడ్ ఎక్కడ అతికించుకోను? మర్రి అయితే మోడు మీద కూడా మళ్లీ చిగురేస్తుంది. పైన్‌కి సూదుల్లేని ముదురు కొమ్మ మీద అది చాలా అరుదు.

ఇంటికొచ్చాక ఆ మొండాన్ని బెరడు వలిచి, కొస చెక్కి, ఎండుకొమ్మలా మిగిల్చాను. దీన్ని జిన్ అంటారు. కొండ మీద పిడుగుపడిన చెట్టు పోలిక వస్తుంది. చూసిన స్నేహితులు "ముందుకన్నా ఇదే బాగుందయ్యా" అన్నారు. వాళ్లతో ప్రస్తుతానికి మాటల్లేవు.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం ఇప్పుడు చెప్తాను. కొమ్మ ఉన్నప్పటి చెట్టు ఫొటో నా దగ్గర ఒక్కటీ లేదు. మూడు రోజులూ దాని పక్కనే కూర్చుని, జనం తగ్గాక తీద్దాంలే అనుకున్నాను. జనం తగ్గేసరికి కొమ్మ లేదు. తమరి దగ్గర మాత్రం ఆ చెట్టు వేల ఫొటోల్లో ఉండి ఉంటుంది, ఎవరి భుజం వెనకో, ఎవరి జడ పక్కనో. ఎడమవైపు, కింది నుంచి మూడోది, కొస కొంచెం పైకి తిరిగి ఉంటుంది. దొరికితే వాట్సాప్‌లో పంపండి. ఒక్క ఫొటో చాలు. తమరి మొహం నేను కత్తిరించుకుంటాను, ఆ పని నాకు బాగానే వచ్చు.

ఇట్లు,
అంకుల్ జర పక్కకి