సవరణ: టర్బో 350 పాన్ బోల్టుల బిగింపు

టర్బో హైడ్రామాటిక్ 350 ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ పాన్ (అడుగున నూనె నిలిచే రేకు తొట్టి) లీకేజీ గురించిన గత టపాలో, పాన్ బోల్టులను 25 అడుగు-పౌండ్లకు బిగించమని రాశాం. అది తప్పు. 12 అడుగు-పౌండ్లు, అంటే సుమారు 16 న్యూటన్ మీటర్లు చాలు.

ఇది చిన్న తేడా కాదు. ట్రాన్స్‌మిషన్ కేసు (బయటి గుల్ల) అల్యూమినియంది, అందులోని బోల్టు రంధ్రాల మరలు తేలిగ్గా చెడిపోతాయి. అంతకన్నా ముందే పాన్ రేకు ప్రతి రంధ్రం చుట్టూ కేసు వైపు ఉబ్బుతుంది. బోల్టుల మధ్య గాస్కెట్ (పాన్‌కూ కేసుకూ నడుమ నూనె కారకుండా వేసే పలుచని పొర) మీద ఒత్తిడి తగ్గి, నూనె అక్కడి నుంచే కారుతుంది. ఇంకా బిగిస్తే ఇంకా కారుతుంది.

ఇప్పటికే 25కి బిగించినవారు దయచేసి పాన్ దించండి. గాస్కెట్ కూర్చునే ముఖం పైకి ఉంచి, అంచు కింద చదునైన ఇనుప దిమ్మ ఆనించి, ఉబ్బిన చోట్లను చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. స్టీలు స్కేలు పెట్టి, సందు కనిపించనంతవరకూ సరిచేయాలి. కొత్త గాస్కెట్ వేసి, 13 బోల్టులనూ ఎదురెదురుగా రెండు విడతల్లో బిగించండి.

గాస్కెట్‌కు రెండువైపులా సిలికాన్ పూయమన్న మాటా వెనక్కి తీసుకుంటున్నాం. పొడిగానే వేయాలి. సిలికాన్ వల్ల బిగించేటప్పుడు గాస్కెట్ పక్కకు జారుతుంది, లోపలికి పిండుకున్న ముక్కలు ఫిల్టర్‌కు అడ్డుపడతాయి.

పాన్ దించేముందు డిప్‌స్టిక్ గొట్టం ఓ-రింగ్ (రబ్బరు వలయం), గేర్ లివర్ షాఫ్ట్ సీలు కూడా తుడిచి చూడండి. వాటి నూనె కూడా పాన్ అంచుకే జారుతుంది.